పాటలో కత్తెర చప్పుడు

“ఎందుకే అందరూ అలా పడీపడీ నవ్వుతున్నారు?” అన్నాడు తాతయ్య.

మనవరాలు గడుగ్గాయి ఫోన్‌లోంచి తలెత్తింది. టీవీలో పెద్ద విందు జరుగుతోంది. హీరో నల్లకోటు బార్లా తెరుచుకుని ఉంది.

“కోటుకి ఒక్క గుండీ కూడా లేదు తాతయ్యా.”

“ఇందాక ఉన్నాయన్నావుగా! ఏమయ్యాయి?”

“ఏమో! ఊడిపోయుంటాయి.”

అది పాత ఇంగ్లీషు సినిమా. హీరో, హీరోయిన్ పోట్లాడుకుంటారు, పాడుకుంటారు, మళ్లీ పోట్లాడుకుంటారు. ఆ కోటు కుట్టింది హీరోయిన్. విదేశాల నుంచి తెప్పించానని కోతలు కోస్తాడు హీరో.

తాతయ్య కూడా దర్జీయే. కుర్రతనంలో ఈ సినిమా ఇంటర్వెల్ దాకా చూశాడు. అర్జెంటు కోటుందని యజమాని కబురు పెడితే లేచొచ్చేశాడు. మిగతా సగం ఇన్నేళ్లకి దొరికింది. ఇప్పుడేమో చూపు లేదు. అందుకే తెర మీది తెలుగు అక్షరాలు చదివి, జరిగేది చెప్పే పని మనవరాలిది.

“పాటలో ఏం జరిగింది?”

“డాన్సు చేశారు. నేను చూశాగా!”

“కత్తెర చప్పుడు వినపడింది. నలభై ఏళ్లు కత్తెర పట్టినవాణ్ణి. నా చెవిలో పువ్వులు పెట్టకు.”

గడుగ్గాయికి ఒళ్లు మండింది. “గొంతెండిపోయేలా చదివాను! పాటకి అక్షరాలే రావు. పాటేగా, నీకు వినపడుతుందిగా!”

“చూడకుండా చూశానన్నావు. గుడ్డివాడికేం తెలుస్తుందిలే అనుకున్నావు. లే ఇక్కణ్ణించి. నీ సాయం నాకక్కర్లేదు.”

ఆమె విసురుగా లోపలి గదిలోకి పోయి, తలుపు ధడాల్న వేసింది.

అవతల పాట మళ్లీ మొదలైంది. పియానో. బూట్ల టకటక. ఆ వెంటనే ‘క్రిచ్’. ఎవరో కిసుక్కున నవ్వారు. మళ్లీ ‘క్రిచ్’.

ఎవరు కత్తిరిస్తున్నారు? హీరోకి తెలియడం లేదా? గడుగ్గాయి తలుపుకి చెవి ఆనించింది. ఎంత విన్నా ఏమీ తేలలేదు. పాట అయిపోయింది. మళ్లీ మొదటికొచ్చింది.

తలుపు తీసింది. తాతయ్య టీవీకి చెవి ఆనించి, రిమోట్ తడుముకుంటున్నాడు.

“వచ్చావా? ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయిందా?” అన్నాడు.

ఆమె స్టూలెక్కి ఫోన్‌ను బీరువా మీద పెట్టింది. వచ్చి పక్కన కూర్చుంది.

“పాట చూడలేదు తాతయ్యా.”

“తెలుసు.”

పాటను వెనక్కి తిప్పింది. “ఆమె అతని భుజం మీద తల ఆనించింది. చేతిలో చిన్న కత్తెర దాచుకుంది. అతను కళ్లు మూసుకుని పాడుతున్నాడు. అమ్మ దొంగా! పై గుండీ కత్తిరించేసింది!”

తాతయ్య మూతి ఇంకా బిగిసే ఉంది. వేళ్లు మాత్రం కత్తెరలా ఆడాయి.

“దారం తెంపిందా? గుడ్డ కోసిందా?”

“దారమే” అనబోయి గడుగ్గాయి నోరు మూసుకుంది. రిమోట్ నొక్కింది.

“ఆగు తాతయ్యా. చూసి చెప్తాను.”