బొండం మర్యాద

కొత్తపేట జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మాధవీలతకు ఓ బలహీనత ఉంది. ఎవరైనా మరీ నున్నగా మాట్లాడితే ఆమెకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు అతిథిగా వచ్చిన రాజోలు కుర్రాడు సాయిదుర్గాప్రసాద్ నున్నగానే మాట్లాడుతున్నాడు. కర్ణాటకలో అణువిద్యుత్ కేంద్రంలో ఇంజనీరు. బొగ్గూ గ్యాసూ కాలిస్తే వచ్చే పొగ తమ దగ్గర ఉండదనీ, గుప్పెడు యురేనియం లారీ బొగ్గుకు సాటి అనీ పిల్లలకు చెబుతున్నాడు.

“వాడేశాక మిగిలే చెత్త ఎన్నేళ్లు ప్రమాదమండీ?” వెనక వరసలోంచి లేచింది మాధవీలత.

“వేల ఏళ్లండీ.”

“మరెక్కడ పెడతారు?”

“ముందు నీళ్లలో, తర్వాత కాంక్రీటు గోడల మధ్య. శాశ్వతంగా ఎక్కడన్నది ఇంకా తేలలేదండీ.”

పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు. తేలలేదని అంత తేలిగ్గా ఒప్పుకున్న మగవాణ్ని ఆమె అదే మొదటిసారి చూడటం.

సాయంత్రం బస్టాపులో వాన పట్టుకుంది. ఆమె గొడుగులో కాస్త చోటిచ్చింది.

“ఇంకా ప్రశ్నలున్నాయాండీ?” భయంభయంగా అడిగాడు.

“బోలెడు. మీ ఫోన్ నంబరివ్వండి.”

ఏడు నెలలైనా ఆ ప్రశ్నలు తెమలలేదు. చివరి ప్రశ్న అతనే అడిగాడు. ఆమె “ఆయ్” అని ఒప్పేసుకుంది.

ఇక మిగిలింది నాన్న అమ్మిరాజు. కొబ్బరి రైతు. నాలుగేళ్ల కిందట కాలవ పక్కన గ్యాసు పైపు అంటుకుని ఆయన తోటలో అరవై చెట్లు నిలువునా మాడిపోయాయి. ముందురోజే వాసనొస్తోందని చెబితే కంపెనీవాళ్లు “ఏం కాదండీ” అన్నారు. అప్పటి నుంచీ ఆ ఇంట్లో గాలి వాసన చూడకుండా ఎవరూ అగ్గిపుల్ల గీయరు.

“నాన్న వద్దంటే నేను రాలేనండీ,” అని మాధవీలత ముందే చెప్పేసింది.

ఆదివారం అతను వచ్చాడు. వెంటే వానా వచ్చింది. మామ్మ పాపాయమ్మ అందరికీ కాఫీ ఇచ్చి, అతనికి మాత్రం బొండం కొట్టించింది.

“వానలో బొండమేంటి మామ్మా?” వంటింట్లో నిలదీసింది మాధవీలత.

“అణువుల్లో పనిచేసే పిల్లాడు కదే. బొండమైతే తాగేక అవతల పారేయొచ్చు. గ్లాసుకి అంటుకుంటే ఎన్నిసార్లని తోమను?”

మాధవీలతకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అతను మాత్రం తుమ్ముతూనే చివరి చుక్కదాకా తాగాడు.

ఇంతలో కరెంటు పోయింది.

“మీ కరెంటు మా దాకా రానట్టుంది బాబూ,” అంటూ అమ్మిరాజు కొవ్వొత్తీ అగ్గిపెట్టే అతని చేతికిచ్చాడు.

అతను పుల్ల తీసి ఆగాడు. గాలి పీల్చాడు. లేచి కిటికీ తలుపు తీసి, మళ్లీ పీల్చి, అప్పుడు గీశాడు.

“అదెవరు నేర్పేరు?”

“మా వైపూ పైపులున్నాయండీ. అమ్మ నేర్పింది.”

అమ్మిరాజు వెలిగిన కొవ్వొత్తి అందుకున్నాడు. “మరి మీరు పనిచేసే చోట ఏం కాదని మాటిస్తారా? ఆ ఒక్క మాట చాలు, పిల్లనిస్తాను.”

మాధవీలత వంటింటి గుమ్మంలోకి వచ్చింది. అనెయ్యండి, ఒక్క మాటేగా అని కళ్లతోనే బతిమాలింది. అతను ఆ కళ్లు చూశాడు. చూసి తల దించుకున్నాడు.

“ఆ మాట ఇవ్వలేనండీ. ఏదైనా అవుతుందేమోనని రోజూ కనిపెట్టుకుని ఉండటమే మా పని. కనిపెట్టుకుని ఉంటానని మాత్రం చెప్పగలను. మాధవిగారి విషయంలోనూ అంతేనండీ.”

మాధవీలత చీర చెంగు నలుపుతూ నిలబడిపోయింది. అంతా అయిపోయిందనే అనుకుంది. అయినా అతని మీద కోపం రాలేదు, ప్రేమే ఇంకాస్త పెరిగింది.

“ఏం కాదన్నవాళ్లని నమ్మే కదా అరవై చెట్లు పోగొట్టుకున్నాను,” అన్నాడు అమ్మిరాజు మెల్లగా. తర్వాత వంటింటి వైపు తిరిగాడు. “అమ్మా, కాఫీ పెట్టు.”

“ఎవరికిరా?”

“అల్లుడుగారికి.”

పాపాయమ్మ గాలి వాసన చూసి పొయ్యి వెలిగించింది. కాసేపటికి తను రోజూ తాగే ఇత్తడి గ్లాసుతో వచ్చి, అది అతని చేతిలో పెట్టింది.

“తాగేసి ఇలా ఇచ్చెయ్యి నాయనా. నేనూ దాంట్లోనే తాగాలి.”