నోటీసు బోర్డు మీద నీలిమ నిమిషాలు

తప్పు నీలిమది కాదు. ఆర్కుట్‌ది అంతకన్నా కాదు. తప్పంతా మేనేజర్ గురునాథరావుదీ, అతని చేతికి లిస్టు అందించిన జయంత్‌దీ.

విశాఖ పోర్టు గేటు ఎదుట ఓడల ఎగుమతి కాగితాలు తయారుచేసే ఆఫీసు అది. 2007లో అక్కడ పద్నాలుగు మందికీ ఒకేసారి, నెట్‌లో ఒకరి పేజీ ఒకరు చూసుకునే ఆర్కుట్ పిచ్చి పట్టింది. పని సరిగ్గా అవుతోందా లేదా అని గురునాథరావు చూడలేదు. పనివేళలో ఆర్కుట్ తెరిచినవాళ్ల పేర్లూ, నిమిషాలూ ప్రతి శనివారం నోటీసు బోర్డుకెక్కించమన్నాడు. మూడుసార్లు పేరెక్కితే ఉద్యోగం ఊడినట్టే. లిస్టు తీసే పని కంప్యూటర్లు చూసే జయంత్‌ది.

రెండు శనివారాలు వరసగా నీలిమ పేరే పైన ఉంది. ఉద్యోగం పోతే ఎలమంచిలిలో ఆమె ఇల్లు నడవదు. పోనీ ఇంటికెళ్లి చూసుకుందామంటే, ఆమె రైలు దిగేసరికి ఊళ్లో నెట్ సెంటర్ మూసేస్తారు. ఆర్కుట్‌లో ఎవరి పేజీ చూస్తావని అడిగితే మాత్రం చచ్చినా చెప్పదు.

రెండో లిస్టు తర్వాతి సోమవారం వానలోంచి సరాసరి జయంత్ గదిలోకి వెళ్లింది. గొడుగు మడవలేదు.

"ఏటి బాబూ, నానేటి దొంగతనం సేసినానా, పేరు గోడకెక్కించినావు?"

"ఆయ్, సార్ ఆర్డరండి. గొడుగు కాస్త మడవండి, సర్వర్ తడిసిపోద్ది."

"తడవనీ. నీ లిస్టులు తీసేది అదేగదా."

జయంత్ నవ్వేశాడు. అతనిది గోదావరి నుంచి స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికొచ్చిన కుటుంబం, తిట్టించుకుంటూ కూడా 'అండీ' వదలడు. ఆమెకు ఒళ్లు మండింది. మండుతూనే, అతని బుగ్గ మీద పడే సొట్ట చూసింది. ఆ సొట్ట ఆమెకు కొత్తేమీ కాదు.

మిగతావాళ్లు భయపడి మానేశారు. నీలిమకు మానడం చేతకాలేదు. మూడో శనివారం కాళ్లీడ్చుకుంటూ బోర్డు దగ్గరికెళ్లింది. ఒక్కటే పేరు. జయంత్, రెండు వందల పది నిమిషాలు. అవి తన నిమిషాలని ఆమెకు తెలుసు.

వెళ్లి నిలదీసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మీరు రోజూ చూసింది నా పేజీయేనండి. ఎవరేం చూశారో రాసుకునే సర్వర్ లాగ్‌లో పడింది. పేజీ నాదైనప్పుడు నిమిషాలూ నావేగదండీ."

నీలిమ ముఖం వేడెక్కింది. వెంటనే కోపమూ వచ్చింది. తన తప్పు ఇంకొకరు మోస్తే ఆమెకు పడదు. స్కెచ్ పెన్ తీసుకెళ్లి అతని పేరు కొట్టేసి, తన పేరు రాసింది. దాని కింద ఇంకో వరస కూడా రాసింది: 'ఈ వారం ఆరు దాటాక ఓడ కాగితాల కోసం కూర్చున్నది, ఆరు వందల నలభై నిమిషాలు.'

పక్క సీటు గవర్రాజు చూసి, ఆరు దాటాక తను కూర్చున్న నిమిషాలూ రాశాడు. ఎదుటి సీటు తాయారూ రాసింది. భోజనాల వేళకు బోర్డు నిండిపోయింది.

గురునాథరావు బయటికొచ్చి చదివాడు. నీలిమ పక్కకు జరగలేదు.

"అవి రాస్తే ఇవీ రాయండి సార్. లేదంటే రెండూ తీసీండి."

ఆయన చాలాసేపు వాదించాడు. ఒక్క కాగితమైనా ఓడకు ఆలస్యంగా అందిందా అని ఆమె అడిగాక రిజిస్టరు తెప్పించి తిరగేశాడు; అలాంటిది ఒక్కటీ లేదు. చివరికి లిస్టు తనే పీకాడు. కాగితాలు పోర్టుకు చేరాక ఆర్కుట్ ఎవరిష్టం వాళ్లదన్నాడు. ఎవరు ఎవరి పేజీ చూశారో తవ్వకూడదని జయంత్‌కు ఆర్డరేశాడు. ఆ షరతు నీలిమ పెట్టించిందే.

సాయంత్రం జయంత్ తడుస్తూ స్టేషన్‌కి పరిగెత్తుకొచ్చాడు. నీలిమ అప్పటికే రైలు తలుపు దగ్గర నిలబడి ఉంది. చెప్పాల్సింది ఉందనీ, ఇంటికెళ్లి ఆర్కుట్‌లో రాస్తాననీ నసిగాడు.

"రాయొద్దు. నా మనసు లాగ్‌లో సదివేసినావు. నీది నానెక్కడ సదవాల? రేపు ఆదివారం, ఎలమంచిలొచ్చి మాయమ్మ ముందు సెప్పాల. ముందు నాకు సెప్పు. నోటితో సెప్పు. బండి కదిలిపోతంది, ఇప్పుడే సెప్పు."