ముప్పావు తుపాకీ

"విడివిడిగా ఉంటే అది ఇనుము. నాలుగు భాగాలూ ఒకే గదిలో, ఒకే ముఠా చేతిలో చేరితే బిగించకపోయినా మెషిన్ గన్. యావజ్జీవం. అదీ చట్టం," అన్నాడు చీఫ్.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో పిచ్చుక అంటారు. సన్నగా ఉంటాడు, ఎక్కడైనా దూరతాడు. చీఫ్ అతనికి స్వయానా మేనమామ. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

"పోయిన నెల రెయిడ్ చేశాం కదా సార్?"

"చేశాం. మూడే దొరికాయి. కోర్టు వదిలేసింది. నాలుగోది, బోల్ట్, ఎప్పుడూ మేడమ్ అనే ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో గడప బయటే ఉంటుంది. ఆ విదేశీ ముఠాకి మన చట్టం మన లాయర్లకంటే బాగా వచ్చు. సాయంత్రం సరుకంతా ఓడెక్కేస్తుంది. ఇవాళ తప్పితే ఇక దొరకరు. నువ్వు కొనేవాళ్లు పంపిన మెకానిక్‌వి. చొక్కా గుండీలో మైక్ ఉంది. బోల్ట్ గదిలోకి రాగానే 'వెలుతురు చాలడం లేదు' అను. మనవాళ్లు తలుపు బద్దలుకొడతారు."

"అనేలోపే వాళ్లు బిగించేస్తే?"

చీఫ్ ఫైలు మూసేశాడు. "త్వరగా అను."

అది లేత్ మిషన్ల షెడ్డు. నూనె కంపు, కాళ్ల కింద ఇనుప రజను. బల్ల మీద బ్యారెల్, బాడీ, స్ప్రింగ్ ఎడంఎడంగా పెట్టి ఉన్నాయి. ముఠా నాయకుణ్ని అందరూ దొర అంటున్నారు. అతని పక్కన ఆ భాగాలు తయారుచేసిన మేస్త్రి. పక్క గది గడప అవతల నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, చంకలో హ్యాండ్‌బ్యాగ్‌తో మేడమ్. ఆమె అందం చూసే ఓపిక పిచ్చుకకి లేదు. తను వచ్చిన తలుపుకి వెనక గొళ్లెం పడిన చప్పుడుకే చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"చూసి సరే అను," అన్నాడు దొర.

"బోల్ట్ లేకుండా ఏం చూడమంటారు?"

"అది లోపలికి రాదు."

పిచ్చుక బాడీని చేతిలోకి తీసుకున్నాడు. అది జారి బల్ల మీద టంగుమని పడింది. భయం కప్పిపుచ్చుకోడానికి ఏదో ఒకటి అనాలి.

"ఈ గాడి బిగుతుగా ఉంది. బోల్ట్ దూరదు. ఆకురాయి పెట్టాలి."

మేస్త్రి తలెత్తాడు. "నా పనికి ఆకురాయా? ఇంతవరకూ ఒక్కడు అనలేదు ఆ మాట."

"మేస్త్రీ, ఆగు," అంటూనే ఉన్నాడు దొర. మేస్త్రికి అప్పటికే ఒళ్లు మండిపోయింది. గడప దాటి వెళ్లి మేడమ్ బ్యాగ్ లాక్కున్నాడు. ఆమె పెద్దగా అడ్డుపడలేదు, వెంటే లోపలికొచ్చింది. బోల్ట్ నున్నగా జారి కూర్చుంది. బ్యారెల్, స్ప్రింగ్ ఎక్కాయి. మేస్త్రి తూటాల పెట్టె కూడా తగిలించి మూతి పిచ్చుక రొమ్ముకి తిప్పాడు.

"ఇప్పుడు చెప్పు. దూరిందా?"

చెప్పాల్సింది మూడు మాటలు. పిచ్చుక నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. చస్తున్నానని అతనికి స్పష్టంగా తెలిసింది. పొద్దున అమ్మ తొందరగా రమ్మంటే విసుక్కున్న సంగతి గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

"వీడు మెకానిక్ కాదు. కాల్చెయ్," అన్నాడు దొర మెల్లగా.

మేస్త్రి వేలు కదిలింది.

"ఇక్కడ వెలుతురు చాలడం లేదు," అంది మేడమ్ నల్ల కళ్లద్దాలు తీస్తూ, ఇంకో చేత్తో బ్యారెల్‌ని పైకి తోసేసింది. తూటాలు రేకుల కప్పులోంచి దూసుకుపోయాయి. తలుపు విరిగి పోలీసులు లోపలికి వచ్చేసరికి ఆ చిల్లుల్లోంచి ఎండ బల్ల మీద పడుతోంది.

వ్యాన్‌లో పిచ్చుక రెండు సీసాల నీళ్లు తాగాడు. మూడోది మూత తీస్తుంటే మాట వచ్చింది.

"ఆవిడ మనమనిషని ముందే చెప్పొచ్చుగా మామయ్యా?"

ఆ పిలుపుని చీఫ్ సరిదిద్దలేదు. "చెబితే ఇంత బాగా భయపడేవాడివా? ఆవిడ తనంతట తాను బోల్ట్ లోపలికి తెస్తే దొర అనుమానించేవాడు. ఎవడో ఒకడు లాక్కెళ్లాలి."

"ప్రాణం పోయేది."

"నిజమే." చీఫ్ కిటికీలోంచి బయటికి చూశాడు. "రిపోర్టులో అంతా ఉన్నదున్నట్టు రాయి. మినిస్టర్ చదివినా ఫరవాలేదు. మా అక్కకి మాత్రం ఒక్క ముక్క చెప్పకురా."