పిచ్చుక అడగాల్సిన ప్రశ్న

"ఒసేయ్ డిక్షనరీ, ఇది కరెక్టేనా చూడవే!"

లంచ్ బాక్స్ మూతైనా తీయకముందే పిచ్చుక పక్కకొచ్చి కూర్చుంది. ఎప్పుడూ గలగలా వాగుతుంది కాబట్టి ఆ పిల్ల పిచ్చుక. ఇంగ్లీషులో ఏమడిగినా టక్కున చెబుతుంది కాబట్టి ఈ పిల్ల డిక్షనరీ. అసలు పేర్లు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండవు.

మర్నాడు బడికి ఫైరింజన్ నడిపే ఆయన వస్తున్నాడు. ఆయన్ని ఇంగ్లీషులో ప్రశ్న అడిగే అవకాశం క్లాసు మొత్తంలో పిచ్చుకకే వచ్చింది. "వాట్ ఆర్ యూ అఫ్రైడ్ ఆఫ్?" అని రాసుకుంది. మీకు ఏమంటే భయం, అని.

"చివర్లో 'ఆఫ్' అని ఆపేయొచ్చా?" అంది.

డిక్షనరీకి నిజంగా తెలియదు. కానీ తెలియదంటే పరువేం కావాలి!

"ఛ, తప్పు! 'ఆఫ్' ముందుకు రావాలి. 'ఆఫ్ వాట్ యూ ఆర్ అఫ్రైడ్' అని రాయి," అంది దర్జాగా.

పిచ్చుక మారుమాట లేకుండా చెరిపి మళ్ళీ రాసింది.

సాయంత్రం రిహార్సల్లో దాన్నే గట్టిగా చదివింది. టీచరు ముఖం చిట్లించింది. అది చూసి వెనక బెంచీవాళ్ళు కిసుక్కుమన్నారు. నవ్వు క్లాసంతా పాకింది.

"పొద్దున నీ పుస్తకంలో చూశాను, బాగానే ఉందిగా తల్లీ? 'ఆఫ్' చివర్లో ఉంటే తప్పేం లేదు. ఇప్పుడు మాటలన్నీ తారుమారయ్యాయి. ఎవరు మార్చమన్నారు?"

పిచ్చుక ఒక్కసారి డిక్షనరీ వైపు చూసింది. డిక్షనరీ కుక్కిన పేనులా కూర్చుంది.

"నేనే మార్చాను టీచర్," అంది పిచ్చుక. "రేపు నేను అడగను. డిక్షనరీతో అడిగించండి."

టీచరు ఎంత చెప్పినా వినలేదు. డిక్షనరీకి తల కొట్టేసినట్టయింది.

ఇంట్లో అమ్మ పొంగిపోయింది. "రేపు మైకులో మాట్లాడేది మనమ్మాయేనండీ!" అని నాన్నకి ఒకటే చెప్పడం. డిక్షనరీ సగం అన్నంలోనే లేచి చెయ్యి కడుక్కుంది.

మర్నాడు హాలు నిండిపోయింది. టీచరు పిలవగానే డిక్షనరీ లేచి మైకు అందుకుంది.

"ఈ ప్రశ్న నాది కాదు. పిచ్చుకది," అంది తెలుగులోనే. "తను సరిగ్గానే రాసింది. నేనే తెలియకపోయినా తెలిసినట్టు చెప్పి తప్పు రాయించాను. నిన్న టీచరు అడిగితే నోరు మూసుకున్నాను."

ఎవరో కిసుక్కుమన్నారు. అయినా డిక్షనరీ పిచ్చుక దగ్గరికి నడిచి మైకు చాపింది. పిచ్చుక ముఖం తిప్పుకుంది.

"నువ్వే అడగవే, ప్లీజ్."

చాపిన చెయ్యి దించలేదు. చివరికి పిచ్చుక మైకు లాక్కుంది.

"వాట్ ఆర్ యూ అఫ్రైడ్ ఆఫ్, సార్?"

ఫైరింజన్ ఆయన మీసాల్లో నవ్వుకున్నాడు. "జెర్రి అంటే భయం తల్లీ! కనిపిస్తే చాలు, మంట లేకపోయినా నిచ్చెనెక్కేస్తాను."

హాలంతా గొల్లుమంది. పిచ్చుకకీ నవ్వాగలేదు. నవ్వుతూనే, కోపం సంగతి మర్చిపోయి, అలవాటుగా ఇటు వంగింది.

"జెర్రిని ఇంగ్లీషులో ఏమంటారే?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా డిక్షనరీ వైపే చూస్తున్నారు.

"నాకు తెలియదే," అంది పైకే. "టీచర్ని అడుగుదాం, రా."