మోతాజ్ వేసిన మ్యాక్రో తాళం

"నా షీట్ ఏదండీ?"

అలెగ్జాండ్రియా రేవు పక్కన, నారింజపళ్లు విదేశాలకు పంపే ఆ ఆఫీసులో పొద్దున్నే వినబడిన మొదటి మాట అది. అడిగింది రావ్యా. సరుకును ఓడలకెక్కించే లెక్కలన్నీ ఆమెవే. సమాధానం చెప్పాల్సినవాడు మోతాజ్. కంప్యూటర్ల పని చూస్తాడు. నిన్న సాయంత్రం నుంచి తనను తాను దేశ రక్షణ శాఖ అనుకుంటున్నాడు.

"ఇకమీదట అంతే. ఫైలు తెరవగానే పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎవరి షీట్ వాళ్లకే కనబడుతుంది, మిగిలినవి మాయం. ఎక్సెల్ ఫైల్లోనే మ్యాక్రో అనే చిన్న ప్రోగ్రాం రాశాను," అన్నాడు కుర్చీలో వెనక్కి వాలి.

"నాకు నాదే మాయమైంది."

"పాస్‌వర్డ్ తప్పు కొట్టుంటారు."

"మీరిచ్చిందే కొట్టాను."

"అయితే పేరు తప్పు కొట్టుంటారు."

"మా నాన్న పెట్టిన పేరే కొట్టాను. మార్చుకోమంటారా?"

మోతాజ్ విసుగ్గా మ్యాక్రో తెరిచాడు. రావ్యా పేరులో ఒక అక్షరం తప్పు రాసింది తనే. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంత చిన్న పేరండీ! ఆఫీసంతా పొద్దస్తమానం అరుస్తూనే ఉంటుంది," అని రావ్యా తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

యజమాని షాబాన్ హాజీ మాత్రం మురిసిపోయాడు. తన రేట్ల షీట్ తనకు తప్ప ఎవరికీ కనబడదన్న సంతోషంలో, మోతాజ్‌ను మేనేజర్‌ని చేస్తానని అందరి ముందూ ప్రకటించాడు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత రావ్యా వచ్చి, గొంతు తగ్గించి అంది. "హాజీ గారి రేట్ల షీట్ చూశాను. మాల్టాకు పంపే సరుకు వరసలో కూడిక తప్పింది."

మోతాజ్ తాగుతున్న టీ కింద పెట్టేశాడు. "ఎలా చూశారు?"

"మ్యాక్రోలు రాసే కిటికీ తెరిచాను. దానికి పాస్‌వర్డ్ లేదు. దాచిన షీట్‌ను కనబడేలా మార్చాను, చూశాను, మళ్లీ దాచేశాను. తలుపుకి అంత పెద్ద తాళం వేశారు, గోడ కట్టడం మరిచిపోయారు ఇంజినీరు గారూ. ముందు హాజీ గారికి చెప్పి, తర్వాత సరిచేయండి."

సరిచేశాడు. చెప్పలేదు. కాబోయే మేనేజర్ మొదటి రోజే అలాంటి కబుర్లు చెబుతాడా?

ఆ తర్వాత రావ్యాకు అదొక కాలక్షేపమైంది. రోజూ మధ్యాహ్నం రెండు టీలు పట్టుకుని వచ్చేది. "ఇవాళ చిల్లు ఎక్కడో చెప్పనా?" అనేది. అతను పూడ్చేవాడు, ఆమె ఇంకొకటి చూపించేది. పోనుపోను మోతాజ్ చిల్లు పూడ్చడంలో పెద్ద తొందర పడటం మానేశాడు. పూడ్చేస్తే రేపు ఆమె దేనికి వస్తుంది?

అంతలో ఆఫీసు మీద పిడుగు పడింది. పోటీ కంపెనీ వాడు హాజీ రేట్లకు సరిగ్గా కొంచెం తగ్గించి, పెద్ద ఆర్డరు ఎగరేసుకుపోయాడు.

హాజీ ఇద్దర్నీ తన గదిలోకి పిలిచాడు. "ఈ పిల్లకి ఆ ఫైలు విప్పడం వచ్చని స్టోర్ వాళ్లు చెప్పారు. మోతాజ్, నీ తాళం గట్టిదేనా? గట్టిదైతే దాన్ని పగలగొట్టిన ఈవిడే దొంగ. నువ్వు రేపే మేనేజర్‌వి."

రావ్యా మోతాజ్ వైపు ఒక్కసారి చూసి, తల తిప్పుకుంది. ఆమె ముఖంలో వెటకారం లేకపోవడం అతను చూడటం అదే మొదలు.

"గట్టిది కాదు హాజీ గారూ. ఆ సంగతి మొదటి రోజే ఆవిడ చెప్పింది, మీకూ చెప్పమంది. నేనే దాచాను."

"మరి రేట్లు బయటికెలా పోయాయిరా?"

"మొన్న కాఫీ కొట్లో మీరు ఫోన్లో మీ బావమరిదికి అరిచి చెబుతుంటే, నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. నా వెనక బల్ల దగ్గర ఆ కంపెనీ గుమాస్తా కూర్చుని ఉన్నాడు. మీ నోటికి మ్యాక్రో రాయడం నాకు చేతకాదండీ."

హాజీ చాలాసేపు ఆలోచించి న్యాయం చేశాడు. రావ్యాను వదిలేశాడు. మోతాజ్‌ను మేనేజర్‌ని చేసే ఆలోచననూ వదిలేశాడు. అసలు దోషిని అందరికంటే ముందే, పెద్ద మనసుతో క్షమించేశాడు.

సాయంత్రం సముద్రం మీదనుంచి వాన విరుచుకుపడింది. ట్రాం స్టాపు రేకు కింద రావ్యా నిలబడి ఉంది. రేకు కింద చోటున్నా మోతాజ్ మర్యాదకి బయటే నిలబడి తడుస్తున్నాడు.

"పెద్ద ఉద్యోగం పోయిందటగా?"

"పోయింది."

"నా కోసమా?"

"నిజం కోసం."

"అబ్బో!"

"సగం."

"మిగతా సగం?"

మోతాజ్ కళ్లద్దాల మీది నీళ్లు తుడుచుకున్నాడు, ఇంకా మసక చేసుకున్నాడు. "రోజూ మీరొచ్చి నా పని బాగోలేదని చెబుతారు. శుక్రవారం సెలవొస్తే ఆ మాట వినబడక నాకు పొద్దుపోవడం లేదు."

రావ్యా నవ్వు ఆపుకుంది. ఆగలేదు. "శుక్రవారాలు కూడా చెప్పాలంటే మా అమ్మ ఒప్పుకోవాలి. గురువారం మీ అమ్మగారిని మా ఇంటికి తీసుకురా. ఏదైనా తీపి పట్టుకురా. మా నాన్న అడిగితే ఉన్న ఉద్యోగమే చెప్పు, రాబోయేది కాదు."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో మోతాజ్ ఇంకా తేల్చుకోకముందే ట్రాం వచ్చి ఆగింది. రావ్యా ఎక్కి, వెనక్కి తిరిగింది.

"వస్తావా, అక్కడే మొలకెత్తుతావా?"

ఆ ట్రాం అతని ఇంటికి పూర్తిగా ఎదురు దిక్కున పోతుంది. మోతాజ్ ఎక్కి, రెండు టికెట్లు తీసుకున్నాడు.