రెండేళ్ళ బండి

పొద్దున్నే పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు. మొగుడూ పెళ్ళాం ఎలక్ట్రిక్ కార్ల కాగితాలు రెండు ముందేసుకుని కూర్చున్నారు. ఏ కారన్నదీ మధ్యాహ్నంలోగా చెప్పాలి. పోయిన వారం పాత కారు నడిరోడ్డు మీద మొరాయించింది. డయాలసిస్‌కి బయల్దేరిన అతని తల్లి, పెద్దావిడ, ఫుట్‌పాత్ మీదే కూలబడింది. ఆ పూట వైద్యం తప్పిపోయి, రాత్రంతా ఆవిడ ఊపిరాడక పడ్డ బాధ పగవాళ్ళకి కూడా వద్దు.

"షోరూమ్ వాళ్ళదే నయం," అన్నాడు కొడుకు. అతనిది సెలూన్, గిరాకీ అంతంతమాత్రం. "ముందు కట్టేదేం లేదు. రెండేళ్ళు నెలనెలా అద్దె కట్టి, ఆ తర్వాత అక్కర్లేకపోతే బండి తిరిగిచ్చేయొచ్చు."

"ఆ బండి సగం ఛార్జింగ్ ఉందని చూపిస్తూనే ఆగిపోతోందట. కొన్నవాళ్ళంతా మొత్తుకుంటున్నారు," అంది కోడలు. ఆవిడ బడిలో టీచరు. "బ్యాంకు లోనుతో ఆ రెండోది తీసుకుందామండీ. ఏళ్ళ తరబడి అందరూ నమ్మకంగా వాడుతున్న మోడల్."

"ఏడేళ్ళ అప్పు. ఎవడు కడతాడు?"

"నా జీతం లేదూ? చవగ్గా వస్తుందని అత్తయ్యని మళ్ళీ రోడ్డు మీద కూర్చోబెడతారా?"

గొంతులు లేచాయి. ఎదురుగా గది గుమ్మంలో కూర్చుని అంతా వింటున్న పెద్దావిడ గోడ పట్టుకుని లేచి వచ్చింది. ఏం కొన్నా "మీ ఇష్టం" అనడమే తప్ప ఇంకో మాట ఎరగని మనిషి.

"రెండేళ్ళదే తీసుకోండి," అంది.

"విన్నావుగా," అన్నాడు కొడుకు భార్యతో, కాగితం మీంచి తలెత్తకుండా.

కోడలికి ఉక్రోషం వచ్చింది. "మొన్న చావు తప్పి బయటపడింది మీరు అత్తయ్యా. నమ్మకం లేని బండి మీకెందుకు?"

"నామీద మాత్రం ఏం నమ్మకం ఉందమ్మా?" పెద్దావిడ నవ్వబోయింది గానీ ఆయాసం వచ్చింది. "రెండేళ్ళుంటానని ఏ డాక్టరూ అనలేదు. నేను పోయాక కూడా నాకోసం కొన్న బండికి మీరు అప్పు కట్టడం దేనికి?"

"అలా అనకమ్మా," అన్నాడు కొడుకు.

"నేనంటేనే తప్పా? పొద్దుట్నించీ చూస్తున్నాను. రెండేళ్ళు అన్నప్పుడల్లా నా వంక చూడటం మానేస్తున్నావు నాన్నా."

అతను కాగితం కింద పెట్టేశాడు. కన్నతల్లికి గడువు పెట్టి బేరం చేశాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. లేచి వెళ్ళి తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"అవునమ్మా, అదే అనుకున్నాను," అని భోరుమన్నాడు.

"ఏడవకురా. నేనూ అదే అనుకున్నాగా," అంది ఆవిడ అతని తల నిమురుతూ. ఆవిడ కళ్ళూ కారిపోతున్నాయి. కోడలు పొయ్యి వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దావిడ బాగుపడుతుందని ఆ ముగ్గురిలో ఎవరికీ ఆశ లేదు.

చాలాసేపటికి అతను మొహం తుడుచుకుని బ్యాంకుకి ఫోన్ చేశాడు. ఏడేళ్ళదే ఖాయం చేయమన్నాడు.

"పిచ్చి సన్నాసీ, అప్పు పెంచితే ఆయుష్షు పెరుగుతుందట్రా?"

"పెరగదమ్మా," అన్నాడు. ఈసారి తల్లి మొహంలోకి చూస్తూనే అన్నాడు.

ఆవిడ కోడలి వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"దాని సీటు మరీ ఎత్తుగా ఉండదు కదమ్మా? నేను ఎక్కలేను."