బీమ్ మీద నల్ల చుక్కలు

సముద్రం ఒడ్డున పుట్టి, ఉప్పునీళ్లలో ఈదుతూ పెరిగిన ఆదెయ్య మోకాలిలోతు నీళ్లలో మునిగి చనిపోయాడని పోలీసులు రాసుకున్నారు. చెన్నైలో ఒక గదిలో కూర్చున్న ఇద్దరు మాత్రం ఆ మాట నమ్మలేదు.

“ఆదెయ్య మన ఏజెంట్. ముత్తుకూరు దాటాక ఒక ప్రైవేట్ జెట్టీలో క్రేన్ ఇన్‌స్పెక్టర్‌గా పెట్టాం,” అన్నాడు చీఫ్ మాథ్యూ. “చివరి మెసేజ్ రెండే మాటలు. ‘బీమ్‌లో పగులు.’”

క్రాంతి కుమార్ ముందుకు వంగాడు. అతను గూఢచారి కాకముందు మెటీరియల్స్ ఇంజనీరు.

“గురువారం అక్కడ, జలాంతర్గాముల్ని పసిగట్టే నేవీ సోనార్ మాడ్యూల్‌ను ఓడలోంచి క్రేన్‌తో దించుతారు. అది పడిందంటే కింద ఉన్న కూలీలు పోతారు. ప్రాజెక్టూ పోతుంది. లోకం దాన్ని ప్రమాదం అనుకుంటుంది,” అన్నాడు చీఫ్.

“ఆ బరువు ఎత్తకుండా ఆపేద్దాం సార్.”

“ఆధారమేదీ? బీమ్ సేఫ్ అని ఈమె సర్టిఫికెట్ ఇచ్చింది.” చీఫ్ ఒక ఫొటో తోశాడు. నల్ల కళ్లద్దాలు, బూడిదరంగు పట్టుచీర. “అబిగయీలు. లెనార్డ్ అనే విదేశీయుడి కంపెనీలో ఎక్స్‌పర్ట్. ఈ కుట్ర పన్నిన ముఠాకు నాయకుడు అతనే. వాళ్లలో ఒకరు మనవైపు తిరిగారని ఆదెయ్య చెప్పాడు, పేరు చెప్పలేదు. కోడ్, ‘ఉప్పు గాలికి ఈ రంగు నిలుస్తుందా?’ జవాబు, ‘నిలవదు.’ అయితే చంపేముందు ఆదెయ్యతో ఆ కోడ్ కక్కించి ఉండొచ్చు. జాగ్రత్త.”

మర్నాడు క్రాంతి పెయింటర్ వేషంలో రంగుల డబ్బాతో జెట్టీలో దిగాడు. క్రేన్ బరువు మోసే ఇనుప బీమ్‌కు తెల్లరంగు వేసి, దానిమీద సన్నటి నల్ల చుక్కలు చిమ్మాడు.

సూపర్‌వైజర్ చిన్నబాబు తలెత్తి చూశాడు. “ఆ చుక్కలేందబ్బా?”

“దిష్టి తగలకుండా అన్నా.”

“మంచి పని చేసినావులే. ఆదెయ్య పోయినకాణ్ణుంచి ఈడ అందరికీ గుండె దడగానే ఉండాది.”

కొంత దూరంలో క్రాంతి పెట్టిన చేపల ఐసు పెట్టెలో రెండు కెమెరాలున్నాయి. బీమ్ మీద బరువు పడితే ఇనుము సాగుతుంది, చుక్కలు వెంట్రుకవాసి కదులుతాయి. ముందు ఫొటోతో తరవాతి ఫొటో పోల్చి, ఏ చుక్క ఎంత జరిగిందో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. రంగు కింద పగులు దాగి ఉంటే దాని రెండు పక్కల చుక్కలూ విడిపోతాయి. ఆ విడిపోవడాన్ని బట్టి పగులు మొన మీద ఒత్తిడి తెలుస్తుంది. ఆ ఉక్కు తట్టుకోగల హద్దు దాటిందా, పగులు రెప్పపాటులో బీమ్‌ను చీల్చేస్తుంది.

వెనక నుంచి అత్తరు వాసన వచ్చింది.

“ఉప్పు గాలికి ఈ రంగు నిలుస్తుందా?” అంది అబిగయీలు, ఆ చుక్కల వంకే చూస్తూ.

క్రాంతి చేతిలో బ్రష్ ఆగింది. మన మనిషేనా, లేక వల పన్నుతోందా? “నాకేం తెలుసు మేడమ్. వేయమన్నారు, వేస్తున్నా.”

ఆమె ముఖంలో ఏదో ఆరిపోయింది. వెనుదిరుగుతూ, “సర్టిఫికెట్ ఆఫీసు బయట అంటించాను. చదువొస్తే చూడు,” అంది.

అతను వెళ్లి చూశాడు. అదే పద్ధతిలో చేసిన పరీక్ష. బరువు లేనప్పుడొక ఫొటో, ఎత్తినప్పుడొక ఫొటో, పక్కన చుక్కల కదలిక పటం. పటమంతా సున్నా. గాలికి కెమెరా వణికినా కాస్త తేడా రావాలి. అంటే ఒకే ఫొటోను రెండుసార్లు పెట్టింది. మోసం చేయాలనుకున్న ఎక్స్‌పర్ట్ ఇంత మోటుగా చేయదు. తెలిసినవాడి కంట పడాలనే చేసింది.

జవాబు చెప్పే వీలు దొరకలేదు. గురువారం రానే వచ్చింది. ఆమె లెనార్డ్‌తో కలిసి ఆపరేటర్ ఉన్న క్రేన్ క్యాబిన్‌లోకి ఎక్కేసింది.

తాళ్లు బిగిశాయి. క్రాంతి ఐసు పెట్టె పక్కన కూర్చుని ఫోన్ తెర చూస్తున్నాడు. సగం బరువుకే పగులు మొన మీద ఒత్తిడి హద్దులో సగానికొచ్చింది. పూర్తి బరువుకు అంచు దాకా వస్తుంది. గాల్లో ఒక్క కుదుపు చాలు. అతనికి అప్పుడు అర్థమైంది. కూలీల నెత్తిమీదికి రాగానే లెనార్డ్ ఎమర్జెన్సీ బ్రేక్ వేస్తాడు.

మాడ్యూల్ ఓడ మీంచి లేచింది. పగులు మొనకు అవతలి చుక్కలు కూడా విడిపోసాగాయి, అంటే పగులు పెరుగుతోంది.

క్రాంతి వాకీటాకీ అందుకున్నాడు. ఇది అందరూ వినే ఛానల్. ఆమె గురించి తన అంచనా తప్పయితే ఆదెయ్య గతే తనకూ.

“మేడమ్, ఉప్పు గాలికి ఈ రంగు నిలవదు. మెల్లగా దించమనండి. బ్రేక్ పడితే బీమ్ విరుగుతుంది.”

లెనార్డ్‌కు తెలుగు రాదు. ‘బ్రేక్’ అన్న మాట మాత్రం అర్థమైంది. ఎమర్జెన్సీ బ్రేక్ ఎర్ర బటన్ మీదికి దూకాడు. అబిగయీలు తలమీది హెల్మెట్ తీసి అతని మణికట్టు మీద బలంగా మోదింది. బటన్‌కు బెత్తెడు దూరంలో ఆ చెయ్యి వాలిపోయింది.

“మెల్లగా దించన్నా,” అంది ఆపరేటర్‌తో.

కూలీలు తలెత్తి చూస్తుండగా మాడ్యూల్ తిరిగి డెక్ మీద కూర్చుంది. చీఫ్ ముందే పంపిన మఫ్టీ పోలీసులు లెనార్డ్‌ను కిందికి దించారు.

“ఆ రోజు నువ్వు జవాబు చెప్పకపోతే, ఆదెయ్యతోనే అంతా అయిపోయిందనుకున్నా,” అంది అబిగయీలు, కిందికి దిగొచ్చాక.

క్రాంతి తలదించుకున్నాడు. ఇంతలో చీఫ్ ఫోన్.

“పేపర్లకు ఏం చెప్పమంటావ్?”

“ఏమీ జరగలేదని చెప్పండి సార్. మనకు జీతాలిచ్చేది అందుకేగా.”